పత్తి గది

మిషన్లో మడమ పెట్టించి చూసిన రోజు నుంచి సుంకమ్మకు నేలంటే భయం. ఆదోనిలో ఉచితంగా ఎముకలు చూస్తున్నారంటే కోడలు మల్లేశ్వరి ఎమ్మిగనూరు నుంచి వచ్చే బస్సు ఆపి ఎక్కించుకుని పోయింది. "ఎముకలు బాగా పలచబడ్డాయి, పడిపోకుండా చూసుకోండి, రోజూ నడవండి" అన్నాడు డాక్టరు. సుంకమ్మ చెవికి మొదటి రెండు మాటలే ఎక్కాయి. పక్కింటి గంగమ్మ బచ్చలింట్లో జారి తొంటి విరగ్గొట్టుకుని, రెండు నెలలు మూలిగి మూలిగి పోయింది. ఆ మూలుగు గోడ ఇవతలికి వినిపించేది.

నిరుటి దాకా చేలో వంగి పత్తి తీసిన మనిషి మంచం దిగడం మానేసింది. తప్పక దిగినా గోడకు రెండు చేతులూ ఆనించి, బండల మీద పాదాలు ఈడ్చుకుంటూ పోయేది.

కార్తీకంలో పత్తి ఇంటికొచ్చింది. లోపలి గదిలో మోకాలెత్తున పోశారు. ఒకనాడు ఎవరూ లేనప్పుడు సుంకమ్మ ద్వారబంధం పట్టుకుని అందులో కాలు పెట్టింది. మూడో అడుగుకే కాలు ఇరుక్కుని వెల్లకిలా పడింది. కాసేపటికి చెయ్యి కదిపి చూసింది, కాలు కదిపి చూసింది. ఏమీ కాలేదు.

ఇక తిండి, పడక అక్కడే. దురదలొస్తాయని కొడుకు తిరుపాలు మొత్తుకున్నా వినలేదు.

"మా అత్తకు పత్తి పరుపు కుదిరినాది. బండల మీద పడుకునేది మనమే" అనేది మల్లేశ్వరి.

ఈ పొద్దున పత్తిని మార్కెట్టుకు వేసుకుపోయే ట్రాక్టరు వచ్చింది. తిరుపాలు, కూలికొచ్చిన రామాంజి గడప దగ్గర నుంచి పత్తి తోడి పెద్ద గోనె బోరాల్లో తొక్కసాగారు. తోడేకొద్దీ బండలు బయటపడుతున్నాయి. సుంకమ్మ జరిగి జరిగి మూలకు చేరింది. చివరికి ఆమె కాళ్ల చుట్టూ చాటంత మేర పత్తి మిగిలింది.

"మా, ఇట్ల రా" అన్నాడు తిరుపాలు.

"ఈ రవ్వంత ఉంచురా నాయనా."

"నిన్ను గూడా బోరెంలో ఏసి తొక్కుతాంలే అవ్వా, ఆదోని సూసొస్తువు" అన్నాడు రామాంజి. సుంకమ్మ గోడకు వీపు ఆనించి, పాదాలు ఆ పత్తిలోకే ఇంకా దూర్చింది.

మల్లేశ్వరి మగవాళ్లను బయటికి పంపి, దగ్గరికొచ్చి చేతులు చాపింది. "పట్టుకో అత్తా. నేను లాగను."

"గంగమ్మను గూడా కోడలు పట్టుకునే ఉన్నిందంట."

"యాడిది? ఒక్కతే ఉన్నింది. పడక ముందర ఆయమ్మ గూడా నీ మాదిరే మంచం దిగేది మానుకున్నింది. కాళ్లల్లో సత్తువ లేకనే పడినాది."

సుంకమ్మ తన కాళ్ల వంక చూసుకుంది. పిక్కలు వదులై వేలాడుతున్నాయి. కోడలి మోచేతులు పట్టుకుని కుడికాలు బండ మీద మోపింది. చల్లగా తగిలింది. ఎడమకాలు ఎత్తాలంటే బరువంతా ఆ కుడికాలి మీదనే వెయ్యాలి. లోపల ఎక్కడ పుటుక్కుమంటుందోనని చెవులు రిక్కించింది.

"ఇరిగితే మల్లీ?"

"నాకూ బయంగానే ఉంది అత్తా." మల్లేశ్వరి కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకుంది.

సుంకమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఎడమకాలు ఎత్తింది. ఏ చప్పుడూ కాలేదు. కళ్లు తెరిచి చూస్తే గడప దాకా ఇంకా ఎనిమిది బండలున్నాయి.

"వదలొద్దు" అంది సుంకమ్మ, మళ్లీ కుడికాలు కదిలిస్తూ.