ఆడటం లేదు

ఆ ఫ్యాక్టరీలో చెకింగ్ గదికి రెండే మాటలు. చాకు వదులుగా ఉంటే "ఆడుతోంది". బిగువుగా ఉంటే "ఆడటం లేదు". మొదటి మాట వినబడితే వస్తువు ఎర్ర డబ్బాలోకి పోతుంది, రెండో మాట వినబడితే కొనేవాడి జేబులోకి పోతుంది. బయట ఆడేవాళ్లకూ పాడేవాళ్లకూ కాస్తో కూస్తో విలువుందేమో గానీ, ఆ గదిలో మాత్రం కదలకుండా పడి ఉన్నదానికే మర్యాద.

అక్కడ తయారయ్యేవి మల్టీటూళ్లు. మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. విప్పితే పట్టకారు. దాని రెండు పిడుల్లోంచి చాకు, కత్తెర, స్క్రూడ్రైవరు, డబ్బా మూతలు లేపే కొక్కెం, ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. ఇన్ని వేషాలు వేసే వస్తువుకు రోగాలూ అన్నే ఉంటాయి. స్ప్రింగు నీరసం, అంచు వంకర, తుప్పు మరక, వీటన్నిటికీ వేరే బల్లలున్నాయి. చుక్కమ్మ బల్ల మీద తేల్చేది ఒక్కటే. చాకు తెరిచి, లాక్ పడ్డాక అటూ ఇటూ ఊపితే అది ఆడుతుందా, లేదా.

చుక్కమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్లకు గుర్తుంటే గొప్పే. పాసైన ప్రతి పిడి లోపలా పంచ్‌తో ఒక చుక్క కొడుతుంది కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఊపి చూసేది ఆమె సొంత బాబాయి. ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే, పని నేర్పిందీ ఆయనే. ఆయన ఊపి, తలెత్తకుండా ఆ రెండు మాటల్లో ఒకటి చెప్పి, టూలును ఇవతలికి తోస్తాడు. ఆమె తలెత్తకుండా చుక్క కొట్టి, పెట్టెలో వేసి, తర్వాతిదాని కోసం చెయ్యి చాపుతుంది. పక్క గదిలో గ్రైండర్ల గోల సగం మాటలు మింగేస్తుంది. అయినా ఇబ్బంది లేదు, తోక ముక్క వినబడినా ఏ మాటో తెలిసిపోతుంది. బాబాయికి ఉన్న గర్వం ఒక్కటే. తన చెయ్యి దాటిన చాకు ఏదీ ఆడుతోందని తిరిగి రాలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కూడా చెబుతుండేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆయన "ఆడటం లేదు" అన్నాడు. టూలు జారుకుంటూ వచ్చింది. చాకు మొన గీసుకున్నట్టు పిడి మీద వంకర గీత ఒకటి కనబడింది. గీతలు చూడటం వేరే బల్లవాళ్ల పని. ఆమె చుక్క కొట్టి, పెట్టెలో వేసి, చెయ్యి చాపింది. చేతిలోకి ఏమీ రాలేదు.

"ఏంటి బాబాయ్, కునుకు పట్టిందా?" అంది, తలెత్తకుండానే.

చెయ్యి ఇంకాసేపు అలాగే చాపి ఉంచింది. అప్పుడు చూసింది. బాబాయి బల్ల మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. పిడికిళ్లు రెండూ గుండెల మీది చొక్కాను పట్టుకుని ఉన్నాయి. ఆయన అన్నది "ఊపిరి ఆడటం లేదు" అని. మొదటి మాటను గ్రైండర్లు మింగేశాయి. మిగిలినదానికి ఆమె చుక్క కొట్టింది.

ఆస్పత్రిలో బతికించారు. కాస్త ముందు తెచ్చి ఉంటే ఇంత పాడయ్యేది కాదని డాక్టరు మామూలుగా అన్న మాట ఆమె గుండెల్లో దిగబడిపోయింది. బాబాయి ఇంటికొచ్చి కిటికీ పక్క కుర్చీకి అంకితమైపోయాడు. నాలుగు మాటలకు ఆయాసం. ఆమెను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఎలా అంటాడు, తనే గట్టిగా పిలవలేకపోయానని ఆయన నమ్మకం. తిట్టి ఉంటే ఆమెకు తేలికయ్యేది. తిట్టకపోవడంతో తిన్నది ఒంటబట్టడం మానేసింది.

ఖాళీ అయిన స్టూలు మీదికి రేడియో వచ్చాడు. నోరు మూతపడదు కాబట్టి రేడియో. పనికి వంక పెట్టలేం గానీ, ఆ కబుర్లు వినీ వినీ చుక్కమ్మ చెవులు చిల్లులు పడుతుండేవి.

కొన్నాళ్లకు వాపసు సరుకు వచ్చింది. తిరిగొచ్చినవాటిని చూసి, బాగయ్యేవైతే స్క్రూ బిగించి పంపడం, కానివైతే ప్రెస్సు కింద పెట్టి నలగ్గొట్టడం పద్ధతి. ఆ కుప్పలో వంకర గీత కనబడగానే చుక్కమ్మ ఆ టూలును పైకి లాగింది. పిడి లోపల తను కొట్టిన చుక్క. కొన్నవాడి ఫిర్యాదు ఒకే ముక్క. చాకు ఆడుతోంది.

తెరిచింది. లాక్ టక్కున పడింది. బల్ల మీద పెట్టి చెయ్యి తీసేసింది.

చాకు కదిలింది. వెంట్రుకవాసి పైకి లేచి, ఆగి, మళ్లీ కిందికి దిగింది. మళ్లీ లేచింది. నిద్రపోయేవాళ్ల పొట్ట కదులుతుందే, అలా. బల్ల అదురుకేమోనని కాగితాల కట్ట వేసి దాని మీద పెట్టింది. ఫ్యాను ఆపింది. చాకు తన పాటికి తను లేస్తూ దిగుతూనే ఉంది.

రేడియోను పిలిచి చూడమంది. అతను ఎత్తి, ఊపి, ఆడుతోందిగా అన్నాడు. ఊపకుండా చూడమంది. ఊపకుండా ఆడటానికి దీనికేమైనా దయ్యం పట్టిందా అని పగలబడి నవ్వి, వెళ్లి ఆ జోకు నలుగురికీ పంచిపెట్టాడు.

అది బాబాయి ఊపిరి అని ఆమెకు తోచింది. ఎలా తోచిందని అడిగితే చెప్పలేకపోయేది. ఊపిరి అందక గిలగిల్లాడుతున్న మనిషి చేతిలోంచి జారి వచ్చింది అది. దానిలోకి జారిపడ్డ ఊపిరికి తనే చుక్క కొట్టి ముద్ర వేసింది. అలా అనుకున్నాక ఇంకోలా అనుకోవడం ఆమె వల్ల కాలేదు.

నిజమో కాదో తేల్చుకుందామని ఒకసారి స్క్రూలో స్క్రూడ్రైవరు పెట్టి ఆవగింజంత తిప్పింది. వెంటనే గుండెలు పట్టేశాయి. భయం అనుకుంది. గబగబా వెనక్కి తిప్పేసి పిన్నికి ఫోన్ చేసింది. ఇప్పుడే కాస్త దగ్గు తెర వచ్చిందనీ, నీళ్లిచ్చాననీ చెప్పింది పిన్ని. ఇంకేం కావాలి? మరుసటి ఉదయం తను బస్సు వెంట పరిగెత్తి రొప్పుతూ వచ్చేసరికి చాకు టపటపా కొట్టుకుంటోంది. ప్రాణం పోయినంత పనై మళ్లీ ఫోన్ చేసింది. ఆయన గురకపెట్టి నిద్రపోతున్నాడంది పిన్ని. హమ్మయ్య అనుకుని పని చూసుకుంది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. మనసులో ఒకటి పెట్టుకున్నవాళ్లకు అడ్డొచ్చేవేవీ కనబడవు.

ఈలోగా సూపర్‌వైజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. ఆ ఒక్క పీసు ఎందుకు ఆగిందని అడిగాడు. బాగు చేయడానికి కుదరడం లేదంటే, అయితే రేపు ప్రెస్సుకి పంపించెయ్, దాన్ని పట్టుకుని కూర్చుంటే ఎలా అని వెళ్లిపోయాడు. బిగించినా ఆ ఊపిరి ఆగుతుంది, ప్రెస్సు కింద పెట్టినా ఆగుతుంది. చుక్కమ్మ జీవితంలో గుండుసూది దొంగిలించి ఎరగదు. ఆ సాయంత్రం టూలును భోజనం సంచీలో అడుగున దాచి గేటు దాటింది.

తిన్నగా బాబాయి ఇంటికి వెళ్లింది. ఆయన కుర్చీకి దగ్గరగా, ఎవరూ ముట్టని చోట దాన్ని పెట్టెయ్యాలి. అంతవరకే ఆమె ఆలోచన. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కింది. ఎండ ఇంకా తగ్గలేదు. బాబాయి కిటికీ పక్క కళ్లు మూసుకుని ఉన్నాడు. వంటింట్లో పిన్ని ఏదో పని మీద ఉంది. చుక్కమ్మ చాకు తెరిచి కిటికీ గట్టు మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

బాబాయి రొమ్ము నెమ్మదిగా, పిల్లికూతతో లేచింది. మెల్లగా దిగింది.

చాకు అలా లేదు. హడావిడిగా, మెట్లెక్కి వచ్చినదానిలా కొట్టుకుంటోంది.

ఆమె ఆయన రొమ్మునూ చాకునూ మార్చి మార్చి చూసింది. ఎక్కడా కలవలేదు. తర్వాత, ఎందుకో తెలియకుండానే, తన ఊపిరి బిగబట్టింది.

చాకు ఆగిపోయింది.

వదిలింది. కదిలింది.

బస్సు వెంట పరుగూ, ఆ రోజు గుండెలు పట్టెయ్యడమూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ మధ్యాహ్నం బాబాయిని చూసినప్పుడు ఆగిన తన ఊపిరి మళ్లీ ఎప్పుడు మొదలైందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

"ఇదేంటి అమ్మాయ్, పని ఇంటికి మోసుకొచ్చావా?"

బాబాయి కళ్లు తెరిచాడు. ఆమె కదిలేలోపే టూలు అందుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలోకి వెలుగొచ్చింది. బొటనవేలితో చాకును అటూ ఇటూ ఊపాడు. ఆమె గుండెల్లో ఏదో అటూ ఇటూ ఊగింది. పిడి లోపల చుక్క చూడగానే ఆ వెలుగు ఆరిపోయింది.

"ఆడుతోంది. నీ చుక్క ఉంది. అంటే నేను పాస్ చేశానన్నమాట దీన్ని."

నువ్వు చెయ్యలేదని చెప్పాలనుకుంది. చెబితే అంతా చెప్పాలి. ఆ ఒక్క క్షణం తటపటాయించింది. ఈలోగా ఆయన కిటికీ గట్టు మీది తన పనిముట్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తీసి స్క్రూలో పెట్టేశాడు.

"ఎవరికీ చెప్పకు. పరువు పోతుంది," అని ఒక చుట్టు బిగించాడు.

గొంతుకు తాడు బిగుసుకున్నట్టయింది. లోపలికి పీలిస్తే ఏమీ రాలేదు. లేవబోతే కాళ్లు లేవలేదు. టూలు లాక్కోవడానికి చెయ్యి చాపింది. ఎన్నో ఏళ్లుగా ఆ చెయ్యి తన ముందుకు అలా చాపి ఉండటం ఆయనకు అలవాటే. తలెత్తకుండానే నవ్వాడు.

"ఉండు ఇస్తా, ఎప్పుడూ తొందరే నీకు."

వంటింట్లో పిన్ని మిక్సీ వేసింది. మిగిలిన కాస్త గాలినీ కూడదీసుకుని చుక్కమ్మ నోరు తెరిచింది. చెప్పాల్సింది చెప్పింది కూడా. మొదటి మాటను మిక్సీ మింగేసింది. మిగిలిన మాట మాత్రం స్పష్టంగా ఆయనకు చేరింది.

"ఆడటం లేదు..."

బాబాయి ముఖం విప్పారింది. తృప్తిగా తలాడించాడు.

"కదూ? నాకూ అలాగే అనిపిస్తోంది," అన్నాడు, స్క్రూడ్రైవరును మళ్లీ సరిగ్గా ఆనిస్తూ. "ఇంకొక్క పావు చుట్టు బిగించానంటే, ఇక ఈ జన్మలో ఆడదు."