డ్రైవరు రాంబాబు మీటర్లు నేర్చుకున్న వేసవి

రాంబాబు ఇంజనును చెవులతో చూసేవాడు. గిలకలదిండి రేవులో మరబోటు మీద పెత్తనం సరంగుది. చుక్కాని పట్టేదీ, వల ఎక్కడ వేయాలో చెప్పేదీ ఆయనే. కింద గదిలో ఇంజనును చంటిబిడ్డలా కనిపెట్టుకుని ఉండేవాడిని డ్రైవరంటారు. అలాంటి డ్రైవర్లలో రాంబాబుకు పాతికేళ్లుగా ఒక పేరుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని "మూడో సిలిండరులో ఏదో ఉంది" అనేవాడు. మెకానిక్కు విప్పి చూస్తే అక్కడే ఉండేది. ఇక మీటర్లంటారా, వాటిని చూసి ఇంజను నడిపేవాడిని ఆ రేవులో డ్రైవరుగా లెక్కవేసేవారే కాదు. బోటులో మీటర్ల బోర్డు ఒకటి మసి పట్టి ఎప్పుడో చచ్చిపోయి ఉండేది. రాంబాబు దానికి చొక్కా తగిలించుకునేవాడు.

అంతటి చెవులూ పోయాయి. పాతికేళ్లు ఇంజను పక్కనే కూర్చున్నాక పోక ఏం చేస్తాయి? ఒక్కరోజున పోయినా బాగుండేది, మొత్తుకునేవాడు. కొంచెం కొంచెంగా పోవడంతో తప్పు తన చెవులదని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. జనమే మాటలు మింగేస్తున్నారనుకున్నాడు. కొట్టు దగ్గర, వేలం దగ్గర, చివరికి గుళ్లో పూజారి కూడా నోట్లో నోట్లో గొణుక్కుంటున్నట్టే ఉండేది. ఒక్క ఆయన భార్య వీరదుర్గ మాట మాత్రం ఎప్పటిలాగే స్పష్టంగా వినపడేది. "ఈ ఊళ్లో తిన్నగా మాట్లాడేది మా ఆవిడొక్కతే" అని లోలోపల మురిసిపోయేవాడు కూడా.

బోటు మీద నెట్టుకొస్తున్నాడు. చెవులు చేసే పని అరచేతులకూ అరికాళ్లకూ అప్పజెప్పాడు. సరంగు పైనుంచి తాడు లాగి గంట కొడితే దాన్నిబట్టి ఇంజను పెంచడం, తగ్గించడం డ్రైవరు పని. గంట వినపడటం మానేశాక ఆ తాడును తన భుజానికి తగిలేలా మళ్లించి కట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే చేతికి అందుబాటుగా ఉంటుందని చెప్పేవాడు. తెలిస్తే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. వినపడని వాడికి ఎనిమిదిమంది ప్రాణాలు అప్పగించి సముద్రం మీదికి వెళ్లే సరంగు ఉండడు. ఒడ్డున కూర్చుని ముసలాళ్లతో పాటు వలలు బాగుచేసుకుంటూ బతకాలి. యాభై కూడా నిండని మనిషికి ఆ ఊహే మింగుడుపడేది కాదు.

ఆ ఏడు ఎండాకాలంలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపించే రోజులకు ముందు, ఆఖరి వేటలో సరంగు భూషణం కిందికి దిగి వచ్చాడు. వరసకు మావ, ముక్కు మీద కోపం. దగ్గరగా వంగి, "ఆ కీచు ఏంట్రా, ఇందాకట్నుంచీ చెవులు కోస్తంది" అన్నాడు. రాంబాబుకు ఏ కీచూ వినపడలేదు. "బెల్టు వదులైంది మావా, రేవుకెళ్లాక బిగిస్తా" అని తడుముకోకుండా అనేశాడు. అదృష్టం కొద్దీ అది బెల్టే. కానీ ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సహించలేదు. బెల్టు కాకుండా ఇంకేదైనా అయి ఉంటే అన్న ఆలోచన పళ్లెం ముందు కూర్చున్నప్పుడల్లా వచ్చేది.

వేట ఆగిన రోజుల్లో బోటును ఒడ్డుకు ఎక్కించి ఇంజను విప్పి బాగుచేయించారు. దాంతో పాటు కొత్త మీటర్ల బోర్డూ వచ్చింది. ఒకటి ఆయిల్ ప్రెజరుది, రెండోది ఇంజను లోపల తిరిగే నీళ్ల వేడిది. రాంబాబు చొక్కా చేతిలో పట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. కళ్లున్నవాడికి అది పనికొస్తుందని తెలుస్తూనే ఉంది. ఏ ముల్లు ఎక్కడుంటే మంచిదో మాత్రం తెలియదు. పాతికేళ్ల డ్రైవరు వెళ్లి మెకానిక్కును అడగాలంటే ప్రాణం చచ్చిపోయింది. ఇంటికొచ్చి, "కొత్త మీటర్లు పెట్టారు" అని మాత్రం అన్నాడు.

నాలుగు రోజులాగి వీరదుర్గ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"గుడివాడ వెళ్లి మా అన్నయ్య ఇంట్లో ఆవకాయ పట్టుకురావయ్యా. వదిన జాడీ కట్టి ఉంచిందంట."

ఆమె అన్న పోతయ్య గుడివాడ డిపోలో ఆర్టీసీ డ్రైవరు. వేటకు పోయే ఇంట్లో పుట్టి, కడుపులో తిప్పుతుందని సముద్రం వదిలేసి బస్సెక్కినవాడు. దాని మీద రాంబాబు ఇరవై ఏళ్లుగా ఆయన్ని ఏడిపిస్తూనే ఉన్నాడు. వెళ్లేసరికి పోతయ్య ఖాకీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. "జాడీ ఎక్కడికీ పోదు బావా. నాకు కోడూరు డ్యూటీ ఉంది, రా, కూర్చుని వద్దువుగాని" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, బస్సులో తన పక్కనే బానెట్టు మీద కూర్చోబెట్టాడు. కింద ఇంజను వేడి, పైన వేసవి.

బస్సు కదిలే ముందే పోతయ్య వేలితో ఆయిల్ మీటరు మీద తట్టాడు. స్టార్టు చేయగానే దాని ముల్లు చివ్వున పైకి లేచింది. పోతయ్య బొటనవేలు పైకెత్తి చూపించాడు. పామర్రు చేరేసరికి ముల్లు బాగా దిగిపోయింది. స్టాండులో బస్సు ఆగి ఇంజను మెల్లగా తిరుగుతుంటే ఇంకా జారింది. రాంబాబు కంగారుగా బావమరిది భుజం పట్టుకున్నాడు. పోతయ్య నవ్వి యాక్సిలరేటరు తొక్కాడు. ముల్లు బుద్ధిగా పైకి లేచింది. అప్పుడు పూర్తిగా ఇటు తిరిగి, మొహంలో మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"పొద్దున్నే ఆయిల్ చిక్కగా ఉంటది, అందుకే ఎక్కువ చూపిస్తది. వేడెక్కితే పల్చనవుద్ది, దిగుద్ది. దిగినందుకు భయపడక్కర్లా. తొక్కినా లేవలేదనుకో, అప్పుడు ఇంకేం ఆలోచించకు. ఆపెయ్."

కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. ఆగిన చోటల్లా ఒక ముక్క చెప్పాడు. వేడి మీటరు ముల్లు నిదానంగా ఎక్కి సగంలో కుదురుకోవాలి. సగం దాటి ఎక్కుతుంటే ఇంజను జోరు తగ్గించి ఎందుకో వెతకాలి. ఎంత తొందరున్నా వేడి మీద నీళ్ల మూత తీయకూడదు. రాంబాబు బడిలో కూడా ఇంత శ్రద్ధగా కూర్చున్నది లేదు. కృష్ణ దాటి దివిసీమలోకి వచ్చేసరికి రెండు ముళ్లూ కాస్త పరిచయమైన మనుషుల్లా అనిపించాయి. అప్పుడు తట్టింది. పోతయ్య దారి పొడుగునా సైగలు చేశాడు, ఆగినప్పుడు తప్ప మాట్లాడలేదు, మాట్లాడితే మొహం ఇటు తిప్పి మాట్లాడాడు.

కోడూరులో టీ తాగుతూ పోతయ్య ఆఖరి ముక్క చెప్పాడు.

"ముల్లు ఎక్కితే భయపడటం ఎవరికైనా వస్తది బావా. బండి మంచి వేడి మీద నడుస్తుండగా ముల్లు టక్కున చల్లని వైపుకి పడిపోతే, అది చూసి సంతోషించినోడే ఇంజను తగలేసుకునేది. ఇంజనులో ఉండే దాని బుడిపె నీళ్లలో మునిగి ఉన్నంతసేపే వేడి చెప్పుద్ది. నీళ్లు కారిపోతే గాల్లో ఉండిపోద్ది, దానికింక ఏం తెలీదు. చల్లగా ఉందని చూపిస్తానే ఉంటది."

రాంబాబు తలూపాడు. "నీకెవరు చెప్పారు?" అని అడిగాడు. ఏ సంగతో చెప్పలేదు.

"మా చెల్లి. ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసింది. మీటర్లు నేర్పు, చెవుల మాట మాత్రం ఎత్తొద్దంది. ఎత్తకుండా నా వల్ల కాదు." పోతయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు. "చిన్నప్పుడు అది మాట్లాడితే పక్క గదిలోకి వినపడేది కాదు. మొన్న సంక్రాంతికి మీ ఇంటికొస్తుంటే వీధి మలుపులోకే దాని గొంతు. మీ వీధిలో అందరూ దాన్ని గయ్యాళంటున్నారు, తెలుసా? మొగుణ్ణి పొద్దస్తమానం అరుస్తదంట. ఎందుకే ఆ కేకలు అని నేనూ కోప్పడ్డాను. ఏమందో తెలుసా? 'మెల్లగా చెప్తే ఆయన మళ్లీ ఏంటని అడుగుతాడు అన్నయ్యా. నాలుగుసార్లు అడిగితే పక్కోళ్లకి తెలిసిపోద్ది. నేను గయ్యాళినైతే ఏం పోయింది' అంది."

రాంబాబు చేతిలో టీ అలాగే చల్లారిపోయింది. ఊళ్లో తిన్నగా మాట్లాడేది మా ఆవిడొక్కతే అని మురిసిపోయిన మాట గుర్తొచ్చి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. పెళ్లయిన కొత్తలో ఆమె ఎంత మెల్లగా మాట్లాడేదంటే, అమ్మ దగ్గర ఈ పిల్లకు నోరుందా అని హాస్యమాడేవాడు. ఆ గొంతు ఎప్పుడు పోయిందో ఆయన గమనించనే లేదు. తిరుగు బస్సులో గుడివాడ దాకా ఆ పాత గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాడు.

ఇల్లు చేరాక జాడీ దించి, ఇక అరవొద్దని ఆమెకు చెప్పేద్దామనుకున్నాడు. ఆమె అరవడం మానితే సంగతి బయటపడుతుంది, రేపు భూషణం మావకూ చెప్పాలి, మావకు చెబితే ఇంజను పోతుంది. ఈ ఒక్క ఏడూ కానిద్దాం అనుకున్నాడు. ఆమె "ఎండలో వచ్చావు, ముందు మజ్జిగ తాగు" అని వీధంతా వినేలా కేకేసింది. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదటిసారి ఆయన కంటపడింది.

వేట మొదలైంది. రాంబాబు చొక్కా ఇప్పుడు వేరే మేకుకు వేలాడుతోంది. తోటివాళ్లు చూసి, "ఏంటి డ్రైవరు, మీటర్లలో పడ్డావు" అని వెక్కిరిస్తే నవ్వేసి ఊరుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం, వల లాగుతూ ఇంజను మంచి జోరు మీద ఉండగా, వేడి ముల్లు సగం మీద కాస్త అటూ ఇటూ ఆడింది. అంతలోనే జర్రున జారి చల్లదనం చూపే గీత మీద పడుకుంది. అరికాళ్ల కింద తేడా ఏమీ లేదు. కానీ కోడూరులో టీ దగ్గర విన్న ముక్క రాంబాబుకు గుర్తొచ్చింది. ఒక్క ఉదుటున లేచి ఇంజను ఆపేశాడు.

వల నీళ్లలో ఉండగా ఇంజను ఆగితే సరంగుకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. భూషణం తిట్టుకుంటూ దిగి వచ్చాడు. మీటరు వైపు చెయ్యి చూపించి ఏదో అరిచాడు. ముల్లు చల్లగానే ఉంది కదా అన్నాడని ఆ చేతిని బట్టే అర్థమైంది. రాంబాబు ఆయన అరచేతిని ఇంజను తలకు దగ్గరగా తీసుకెళ్లాడు. భూషణం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేడి తగ్గేదాకా ఆగి, తడి గోనె కప్పి మూత తీస్తే లోపల చుక్క లేదు. అడుగున రబ్బరు గొట్టం నిలువునా చీలింది. కారిన నీళ్లు బోటు అడుగున ఎప్పుడూ ఉండే నీళ్లలోనే కలిసిపోవడంతో ఎవరికీ తెలియలేదు. ఇంకొంచెంసేపు నడిచి ఉంటే ఇంజను బిగుసుకుపోయి, ఎనిమిదిమందీ నడిసముద్రంలో ఉండిపోయేవారు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తాగే నీళ్లు కొన్ని పోసి ఇంజనును మళ్లీ తిప్పారు.

అందరూ కిందికి తొంగి చూస్తున్నారు. భూషణం మొహంలో కోపం పోయి మెరుపొచ్చింది. రాంబాబు వీపు మీద చరిచి, వెనక్కి తిరిగి అందరితో గట్టిగా అన్నాడు. "చప్పుడు మారింది, పట్టేశాడు. మీటరు చల్లగా ఉందంటున్నా సరే, పట్టేశాడు. అదిరా రాంబాబు చెవంటే."

ఆఖరి మాటకు మావ తన చెవి మీద తట్టి చూపించడంతో రాంబాబుకు సంగతి అర్థమైంది. ఒప్పుకుంటే చాలు. పోయిందనుకున్న పేరు రెట్టింపై తిరిగొస్తుంది, ఇంకో పదేళ్లు ఎవరూ అనుమానించరు. ఇంటి దగ్గర ఆ మనిషి ఇంకో పదేళ్లు అరుస్తుంది.

"చెవి కాదు మావా" అన్నాడు. "నాకు వినపడదు. రెండేళ్లు దాటింది. మీటరు చూసి ఆపాను."

భూషణం ఆయన్ని ఎగాదిగా చూసి, భుజం దగ్గరికి మళ్లించి కట్టిన గంట తాడును చూసి పైకి వెళ్లిపోయాడు. తిరుగు ప్రయాణమంతా దిగి రాలేదు. రాంబాబు మీటర్ల ముందు కూర్చుని, ఇదే ఆఖరి వేట అనుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ముళ్ల మీంచి మాత్రం చూపు తిప్పలేదు.

రేవులో బోటు కట్టాక భూషణం దిగి వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. కోపం తగ్గినట్టు లేదు. వేళ్లతో లెక్కపెట్టి చూపిస్తూ నిదానంగా అన్నాడు.

"ఎనిమిది మందిమిరా. రెండేళ్లు దాచావు. ముందే చెప్పి ఉంటే ఆ గంట పక్కన ఎర్ర బల్బు పెట్టించేవాణ్ణి కదా. రేపు ఎలక్ట్రీషియన్ని పిలు. ఇంజను నువ్వే చూసుకో."

రాంబాబు ఏదో అనబోయాడు. ఆయన వినకుండా మెట్లెక్కేశాడు.

ఒడ్డున వేలం దగ్గర ఆడవాళ్ల మధ్య వీరదుర్గ గంపతో నిలబడి ఉంది. భర్తను చూడగానే అలవాటుగా గొంతు చించుకుంది. "ఏమయ్యా, మొహం అట్టా ఉందేంటి, ఏమైంది?" పక్కనున్న ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు.

రాంబాబు దగ్గరికి వెళ్లి గంప అందుకుని కింద పెట్టాడు. "నాకు వినపడదని మావకు చెప్పేశాను. అందరికీ చెప్పేశాను" అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆయనకు తెలియదు, రేవంతా ఇటు తిరిగింది. "ఇంజను నాకే ఉంచాడు. ఇంక నువ్వు అరవక్కర్లేదు."

వీరదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసి ఏదో అంది. పెదవులు కదిలాయి కానీ ఆయనకు ఒక్క అక్షరం వినపడలేదు. ఇన్నాళ్లలో ఆమె మాట వినపడకపోవడం ఇదే మొదలు.

"ఏమన్నావు?" అని అందరి ముందే అడిగాడు.

ఆమె దగ్గరికి వచ్చి, చెమటా మసీ పట్టిన ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. ఈసారి ఒక్కో మాటా విడదీసి, మెల్లగా చెప్పింది.

"గొంతు నొప్పెడతందయ్యా."