పదిహేడో నంబరు సీసా

పిన్ని పనిచేసే ల్యాబులో నా పని సీసాలకు చీటీలు అంటించడం. మా ఊరి బడికి సెలవులు ఇవ్వగానే అమ్మ నన్ను పిన్ని దగ్గరికి పంపింది. "నలుగురిలో తిరిగితే దీని నోరన్నా పెగులుతుంది" అంది. మూడు వారాలైనా పెగల్లేదు. మోకాళ్ల కిందికి దిగే పిన్ని పాత తెల్లకోటు వేసుకుని, మూలన కూర్చుని చీటీలు అంటించేదాన్ని. చూసినవన్నీ మాత్రం డైరీలో రాసుకునేదాన్ని.

అక్కడ ఏం చేస్తారో పిన్ని మొదటిరోజే చెప్పింది. రక్తానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్ అనే ప్రొటీను. కొందరిలో అది పుట్టుకతోనే కాస్త తేడాగా ఉంటుంది. ఆక్సిజన్ తగ్గగానే ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడుతుంది. గుండ్రటి రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. అలా అతుక్కోకుండా అడ్డుపడే రసాయనం కోసం పిన్ని రెండేళ్లుగా వెతుకుతోంది.

"అంటే మందా పిన్నీ?"

"మందు దాకా ఎక్కడే! ముందు గాజు గొట్టంలో అడ్డుపడితే అదే పదివేలు."

పరీక్ష చూడ్డానికి తేలికే. గొట్టంలో ఎర్రటి హిమోగ్లోబిన్ నీళ్లు పోసి, రసాయనం కలిపి, ఆక్సిజన్ లాగేసే పొడి వేస్తారు. గొట్టం వెనక ఆరు నల్లగీతలున్న అట్టముక్క నిలబెడతారు. ప్రొటీను అతుక్కుంటే నీళ్లు మసకబారి గీతలు కనపడవు. రసాయనం అడ్డుపడితే గీతలు కనపడతాయి. పదహారు రసాయనాలకు కనపడలేదు. పదిహేడోదానికి కనపడ్డాయి. ఆ రోజు పిన్ని ఇంటికి వచ్చాక కూడా చెప్పులు విప్పడం మర్చిపోయి వంటింట్లో తిరిగింది.

తర్వాత రెండుసార్లు చేస్తే రెండుసార్లూ మసకే.

ఆ ల్యాబుకి పెద్ద ఒక డాక్టరుగారు. ఆయన మామూలుగా మాట్లాడినా అలమరలో గొట్టాలు గలగలమంటాయి. రెండోసారి కూడా మసక వచ్చిన రోజు మధ్యాహ్నం ఆయన వచ్చి పిన్ని పక్కన నిలబడ్డారు.

"ఒకసారి వచ్చింది రెండుసార్లు రాలేదంటే మొదటిసారే ఏదో పొరపాటు జరిగుంటుందమ్మా. పదిహేడుని పక్కన పెట్టేసి రేపు పద్దెనిమిది మొదలుపెట్టు."

"ఇంకొక్కసారి చేస్తాను సార్."

"ఏం మార్చి చేస్తావు? నీ పుస్తకంలో మూడుసార్లూ ఒకటే రాసుంది. ఫ్రిజ్‌లోంచి తీశాను, గది వేడికి తెచ్చాను, కలిపాను. తేడా ఏదీ?"

పిన్ని కళ్లజోడు తీసి, దుమ్మేమీ లేకపోయినా తుడుచుకుంది. రెండేళ్లలో ఆమెకు దొరికింది ఆ ఒక్క సీసానే.

నేను కిటికీ వైపు చూశాను. చల్లదనం పోవడానికి పిన్ని పెట్టిన సీసా అక్కడ ఎండలో ఉంది. రోజూ అక్కడే పెడుతుంది. కానీ గీతలు కనపడిన రోజు అక్కడ లేదు. నాకు బాగా గుర్తు. లేచి వెళ్లి పిన్ని కోటు చెయ్యి పట్టుకుని లాగాను.

"ఆ రోజు సీసా కిటికీలో లేదు పిన్నీ."

"ఏమంటోందీ అమ్మాయి? గట్టిగా చెప్పు, నేనేం కొరకను" అన్నారు డాక్టరుగారు.

"డైరీలో... రాశాను."

"అయితే చదువు."

పేజీ తీసి మొదటి లైను చూడగానే దాన్ని బొటనవేలితో మూసేసి రెండో లైను నుంచి చదివాను.

"జల్లుకి కిటికీ గట్టంతా తడిసిపోయింది. పిన్ని పదిహేడో సీసాని కోటు జేబులో పెట్టుకుని, కోడిపెట్ట గుడ్డు పొదిగినట్టు అరగంట కూర్చుంది. కదిలితే ఒట్టు."

"జేబులోనా!" గొట్టాలు గలగలమన్నాయి. "ల్యాబులో సీసా ఎవరైనా జేబులో పెట్టుకుంటారా?"

"తప్పే సార్. మూత గట్టిగానే..." అంటూ పిన్ని మధ్యలో ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగింది. "సార్, జేబులో చీకటి కదా."

ఆయన గబగబా వెళ్లి ఎండలో చెయ్యి పెట్టి చూశారు. "అంటే వెలుతురు తగిలితే పాడైపోతోందేమో ఈ మహాతల్లి! ఇంకో రెండు సీసాలు తియ్యి. ఒకటి కిటికీలో, ఒకటి సొరుగులో. ఏమ్మాయ్, సొరుగుకి నువ్వు కాపలా. మీ పిన్నినైనా తెరవనివ్వకు."

అరగంటలో పిన్ని రెండుసార్లు సొరుగు మీద చెయ్యి వేసింది. "వద్దు పిన్నీ" అన్నాను. రెండోసారి కాస్త గట్టిగానే అన్నాను.

రెండు గొట్టాల్లోనూ అన్నీ కలిపాక డాక్టరుగారు వాటి చీటీలు కనపడకుండా తిప్పి, చోట్లు మార్చి, నన్ను పిలిచారు.

"మీ పిన్నిని అడిగితే లేని గీతలు కూడా చూస్తుంది. నువ్వు చెప్పు."

"ఎడమవైపు దాంట్లో ఏమీ లేవు. కుడివైపు ఆరు."

"వినపడలేదు."

"ఆరు సార్! ఆరూ కనపడుతున్నాయి!"

ఆయన కుడివైపు గొట్టం తిప్పి చీటీ చూపించారు. 'సొరుగు' అని నా అక్షరాలతోనే ఉంది. పిన్ని కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే చేతిగుడ్డ కోసం జేబులన్నీ తడుముకుంది.

"రేపు, ఎల్లుండి కూడా ఇలాగే వస్తే అప్పుడు నమ్ముతాను" అన్నారు డాక్టరుగారు. ఆయన గొంతు మాత్రం అప్పుడే నమ్మేసినట్టుంది. "ఆ పేజీ కాపీ తీసి మన పుస్తకంలో అంటించాలి. ఏదీ, ఇలా ఇవ్వు."

సంతోషంలో ఇచ్చేశాను. ఇచ్చాక మొదటి లైను గుర్తొచ్చింది. అప్పటికే ఆయన పైకి చదివేస్తున్నారు.

"ఇవాళ బయట ఒక ఉరుము, లోపల ఒక ఉరుము." కళ్లజోడు పైనుంచి నా వైపు చూశారు. "లోపలి ఉరుము ఎవరమ్మా?"

పిన్ని పైకప్పు కేసి చూస్తోంది. ఇక ఆమె నన్ను కాపాడేలా లేదు.

"మీరే సార్" అన్నాను.

ఈసారి ఆయన గట్టిగా చెప్పమనలేదు.