గొంతుమీద సుడి

గోడమేకుకు వేలాడుతున్న తోలుపటకాను లాగి పట్టుకుని, గురవయ్య దానిమీద కత్తిని తిప్పితిప్పి నూరుతున్నాడు. నూరుతూనే మధ్యమధ్య సందు మలుపు కేసి చూస్తున్నాడు. జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో ఆ కొట్టు. ఆదివారం కావడంతో బల్లమీద చోటు లేదు. అద్దం ముందున్న కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది.

"ఎవరికోయ్ గురవయ్యా అట్టిపెట్టావు దాన్ని? కలెక్టరు గానీ దిగుతున్నాడా ఏంది?" అన్నాడు బల్లమీదున్న సుబ్బరాయుడు. పొగాకు రైతు. ఎదురుగా ఎవరున్నా గొంతు పెంచే మాట్లాడతాడు.

"మాస్టారొస్తారండి."

"పోయినవారమూ ఇదే మాట. ఆయన కామెర్లొచ్చి బెజవాడ ఆసుపత్రిలో ఉన్నాడంట గదా. లేచొచ్చి నీ కుర్చీలో కూర్చుంటాడా? ముందు నాకు కానియ్. నీ చెయ్యి తప్ప నాకింకోళ్ళది పడదు, నా ఖర్మ."

బల్లమీద నలుగురూ నవ్వారు. గురవయ్య తువ్వాలు దులిపి, "రండి" అన్నాడు.

అతనిది వంగిన వీపు. నిలబడి నిలబడి కాళ్ళ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఈ మధ్య చెయ్యి వణుకుతోంది. అయితే కత్తి చర్మానికి ఆనగానే ఆ వణుకు ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో అతనికీ తెలియదు. కత్తి తండ్రిది. సానరాయి మీద అరిగి అరిగి సగానికి వచ్చింది. ఉప్పెన వచ్చిన ఏడు నుంచి ఆ సందులో మిగతా కొట్లవాళ్ళంతా సగం బ్లేడు బిగించే పిడులు కొనుక్కున్నారు. గురవయ్య చెయ్యికి అవి లొంగలేదు. పనికొచ్చే కత్తి అతనికి ఇదొక్కటే మిగిలింది.

మాస్టారు మొదటిసారి వచ్చినప్పుడూ ఇదే కత్తి. అప్పటికి ఆశీర్వాదం మాస్టారు చిల్లకల్లు బడికి కొత్త. మెడకు చేతిరుమాలు చుట్టుకుని కొట్టు మెట్టుదాకా వచ్చి నిలబడ్డారు. లోపలికి రాలేదు. గురవయ్యా రమ్మనలేదు. మాలపేటవాళ్ళకు ఏ మంగలీ కుర్చీ వెయ్యని రోజులవి. చందర్లపాడు పక్కన ఆయన సొంతూళ్ళోనూ అంతే. తండ్రి పెరట్లో కూర్చోబెట్టి దొరికిన బ్లేడుతో గీకేవాడట.

ఇక వెళ్ళిపోదామని మాస్టారు వెనక్కి తిరగబోతుంటే రుమాలు జారింది. గురవయ్యకు ఆ మెడ కనపడింది. గొంతుముడి కింద కుడిపక్క వెంట్రుకలు సుడి తిరిగి ఉన్నాయి. ఎడమపక్కవి కిందినుంచి పైకి మొలిచాయి. తెలియకుండా గీసినందువల్ల అవి చర్మంలోకే వంగి పెరిగి, మెడంతా చీముపొక్కులు లేచాయి.

"ఎవరండీ ఇట్టా చేసింది?" అన్నాడు గురవయ్య. తానేమంటున్నాడో తనకే తెలిసేలోగా, "కూర్చోండి" అనేశాడు.

ఆ ఒక్క మాటకు మోతుబరులు కొందరు ఆ మెట్టెక్కడం మానేశారు. సుబ్బరాయుడి తండ్రి వాళ్ళలో ఒకడు. గురవయ్య భార్య దుర్గాంబ కాఫీ హోటల్లో పిండి రుబ్బడానికి కుదిరింది. అంత మంచి చెయ్యి వేరేచోట దొరక్క, చాలాకాలానికి కొందరు తిరిగొచ్చారు. దుర్గాంబ అరచేతుల కాయలు మాత్రం పోలేదు.

మాస్టారి మెడకు వేడినీళ్ళ గుడ్డ వేసి, నురగ పట్టించేముందు గురవయ్య వేళ్ళతో అంతా తడిమేవాడు. ఎడమ బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి బిగించి, కత్తిని దాదాపు పడుకోబెట్టి, సుడి ఎటు తిరిగితే అటే చిన్నచిన్న గీతలుగా తిప్పుకుంటూ వచ్చేవాడు. మళ్ళీ నురగ వేసి అడ్డంగా ఒక్కసారి. ఎదురు మాత్రం ఎప్పుడూ గీసేవాడు కాదు. గొంతుముడి దగ్గరికి వచ్చాక, "గుటక మింగమాకండి మాస్టారూ" అనేవాడు. మాస్టారు ఊపిరి బిగబట్టేవారు. ఇక ఆగలేనప్పుడు కుర్చీ చేతిమీద చూపుడువేలు లేపేవారు. గురవయ్య కత్తి ఎత్తేవాడు. ఆయన గుటక మింగి వేలు దించేవారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

సుబ్బరాయుడి గడ్డం ఒక పక్క అయ్యేసరికి కొట్టు ముందు సైకిలు ఆగింది. మాస్టారి అన్నకొడుకు ఇశ్రాయేలు. మెట్టుమీదే నిలబడ్డాడు.

"బాబాయి పోయాడు గురవయ్యా. తెల్లారగట్ట బెజవాడ నుంచి తీసుకొచ్చాం. పిన్ని నిన్ను తీసుకురమ్మంది."

గురవయ్య కత్తికంటిన నురగను తువ్వాలుకు తుడిచాడు.

"అయ్యో పాపం," అన్నాడు సుబ్బరాయుడు. ఆ వెనకే, "ఈ రెండో పక్క కానిచ్చి పోవోయ్" అన్నాడు.

గురవయ్య రెండో పక్క పూర్తి చేశాడు. ఎక్కడా గాటు పడలేదు.

చావింట వాడిన కత్తిని బతికున్నవాళ్ళ మెడమీద పెట్టకూడదని మంగళ్ళలో కట్టు. అందుకని ఆ పనికి పాతకత్తి ఒకటి వేరే ఉంటుంది. దాన్ని ఇంట్లోకి తేరు. చూరులో గుచ్చి ఉంచుతారు. గురవయ్య ఇంటికి వెళ్ళి చూరులోంచి దాన్ని లాగి, సానరాయి ముందు కూర్చున్నాడు. అంచునిండా పళ్ళు పడ్డాయి. ఎంత నూరినా పోలేదు.

దుర్గాంబ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మొండిదే. దాంతోనే కానిచ్చెయ్యి. పోయినోళ్ళకి నొప్పేం తెలుస్తది?"

"నొప్పి కాదే. గాటు పడితే నెత్తురు రాదుగానీ, చర్మం కమిలి నల్లగా ఎండిపోద్ది. పెట్టెలో అట్టా పడుకోబెడతారా ఆయన్ని?"

ఆమె చూపు పక్కనున్న పనిముట్ల పొదివైపు వెళ్ళింది. "మీ అయ్య కత్తి మాత్రం తీయమాకయ్యా. రేపట్నించి ఏం తింటాం?"

గురవయ్య సానరాయి పక్కకు నెట్టి లేచాడు. రెండు కత్తులూ పొదిలో పెట్టుకుని ఇశ్రాయేలు సైకిలు వెనక ఎక్కాడు.

చిల్లకల్లులో ఇంటిముందు పందిరి కింద మంచంమీద ఉన్నారు మాస్టారు. పక్కనే కొత్తచెక్క వాసన వేస్తూ పెట్టె. లోపల ఆడవాళ్ళు సన్నగా పాట పాడుతున్నారు. ఫోటో తీసే మనిషి గోడనీడన కూర్చుని ఉన్నాడు. మాస్టారి ముఖం పసుపు పచ్చగా ఉంది. తెల్లగడ్డం గుబురుగా మాసింది.

మాస్టారి భార్య లూర్దమ్మ లేచి వచ్చింది. "అన్నయ్యగారూ, ఆసుపత్రిలో ఎవర్నీ చెయ్యి వెయ్యనియ్యలేదండి. పేటకెళ్ళి గురవయ్య చేతే గీయించుకుంటాలే అన్నాడు. ఆ గడ్డంతో ఎవరో పరాయి మనిషిలా ఉన్నాడండి నాకు."

గురవయ్య వేడినీళ్ళు అడిగాడు. గుడ్డ తడిపి వేసి తీశాడు. నురగ పట్టించాడు. పాతకత్తితో చెంపలు అయ్యాయి. మెడ దగ్గర మొదటి గీతకే వెంట్రుకలు చిక్కుకుని, చర్మం వాటి వెంట లేచొచ్చింది. అతను చెయ్యి ఆపాడు. ఆ కత్తిని తుడిచి పొదిలో పెట్టేశాడు. దుర్గాంబ అరచేతులు గుర్తుకొచ్చాయి. అయినా తండ్రి కత్తి తీశాడు.

బొటనవేలితో చర్మాన్ని లాగి పట్టాడు. బతికున్న చర్మంలా అది ఎదురు లాగలేదు. చల్లగా, లాగినచోటే నిలిచింది. ఎడమపక్క కిందినుంచి పైకి. కుడిపక్క సుడి వెంట చుట్టూ. గొంతుముడి దగ్గరికి వచ్చాడు.

"గుటక మింగమాకండి మాస్టారూ."

పందిట్లో ఎవరో తలెత్తి చూశారు. గురవయ్య చూపు ఆయన చేతిమీదికి వెళ్ళింది. మంచంపట్టె మీద ఆ వేలు కదలలేదు. అయినా అతను కత్తి ఎత్తి, ఒక గుటక పట్టేంతసేపు ఆగాడు. ఆ తర్వాత మిగిలినదంతా పూర్తి చేశాడు.

లూర్దమ్మ వంగి మెడమీద చెయ్యివేసి చూసింది. "ఇప్పుడు ఆయనే," అంది.

గురవయ్య పొది చంకన పెట్టుకుని రోడ్డెక్కాడు. వెనకనుంచి ఇశ్రాయేలు కేకేశాడు.

"గురవయ్యా! కత్తి మర్చిపోయావు!"

"మర్చిపోలేదయ్యా," అన్నాడు గురవయ్య. తిరిగి చూడలేదు.

పందిరిగుంజ పక్క అరుగుమీద, చల్లారిన నీళ్ళగిన్నెకు ఆనించి, ఆ కత్తి తెరిచే ఉంది. దాని అంచున ఎండుతున్న నురగలో పొట్టిపొట్టి తెల్లవెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి.