ఒకరోజు ముందున్న చంద్రుడు

ఈ సాయంత్రం ఒక్కసారి నొక్కకుండా ఊరుకుంటే చాలు, చంద్రుడు దారికొస్తాడు, ఆకాశంలో అమావాస్య, గడియారం అద్దం కింద గోరంత నీలం రేకులోనూ అమావాస్యే, రెండూ సరిపోతాయి, మరి ఈ సేఫ్టీపిన్ను వేళ్ళ మధ్య ఎందుకు పట్టుకున్నానో, ఆత్మకూరు బస్సు గుంతలో పడి లేచింది, ఉదయగిరి కొండ వెనక పొద్దు దిగుతోంది, మణికట్టు మీద ఈ పాతకాలపు బంగారు గడియారం నాదే అంటే నాకే నమ్మకం కుదరడం లేదు, వారం, తేదీ, నెల, చంద్రుడు, ఇన్ని చక్రాలు ఇంత డబ్బీలో ఎట్లా ఇరికించాడో ఆ స్విట్జర్లాండు మహానుభావుడు, నేను ఇన్నేళ్ళు ఏరి తెచ్చుకున్నవన్నీ దీని ముందు దిగదుడుపే, మా హన్నమ్మ మాత్రం అదే పాట పాడుతుంది, ఇంటినిండా గడియారాలే, చర్చికి మాత్రం మనమే లేటు, పెళ్ళాం నోరు మూయించే గడియారం ఇంకా ఎవడూ చేయలేదు.

చెడింది చంద్రుడొక్కడే, తనంతట కదలడు, లోపల చక్రం పన్ను విరిగి ఉంటుంది, పక్కనున్న సన్నటి చిల్లులో పిన్ను గుచ్చితే రోజుకొక అడుగు వేస్తాడు, ఆ చిల్లు చుట్టూ గీతలే గీతలు, ఏ మొరటు మెకానిక్కు పనో అనుకున్నాను పోయినవారం, దీన్ని అమ్మజూపిన బీబమ్మ ఇంటి అరుగు మీద భూతద్దం కంటికి పెట్టుకుని, చంద్రుడు క్యాలెండరులోని తిథికి సరిగ్గా ఒకరోజు ముందున్నాడు, ఒకరోజే ఎందుకు, చెడ్డ గడియారం ఇష్టమొచ్చినట్టు తప్పుతుంది గాని ఇంత ఒద్దికగా తప్పదే, వారమంతా బుర్రలో అదే పురుగు, ఇవాళ కొనడానికి పోయి అడిగేశాను, చంద్రుడు ముందు నడస్తా ఉండాడేందమ్మా, ఆమె నవ్వింది, తప్పు గాదు నాయనా, అది కువైట్ చంద్రుడు, మా ఆయన షావలి ఆడ సేటు కారు తోలేవాడు, ఆడ నెలవంక ఒకరోజు ముందే కనపడతాది, కడాసారి వచ్చినప్పుడు సేటు ఇచ్చిన దీన్ని నా చేతిలో పెట్టినాడు, నేనెప్పుడు రోజా ఒక్కపొద్దు పడతానో, ఎప్పుడు పండగ చేసుకుంటానో ఇందులో చూసుకో అన్నాడు, ఆ తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది, ఆరేళ్ళయింది, మనిషి రాలేదు, చావు కబురూ రాలేదు, ఆ గీతలు ఏ మెకానిక్కువీ కావు, రోజూ సాయంత్రం ఆమె గుచ్చినవే.

మరి అమ్మడమెందుకమ్మా అంటే, కండ్లకు పొరలొచ్చినాయి వరప్రసాదం సారూ, చిల్లు కనపడడంలా, ఇంకెవురికన్నా చెప్తే పిచ్చిదంటారు, నీకు గడియారాలంటే ప్రాణం గదా, ఇకమీదట నువ్వు నొక్కు, వెల మాటెత్తకముందే ఒట్టు వేయించుకుంది, వేశాను, నోటికేం, కావలసినవాడు ఎన్ని ఒట్లయినా వేస్తాడు, లోపల మాత్రం నెల్లూరులో పన్ను మార్పించి, చంద్రుణ్ణి సరిచేసి, మిగతావాటి పక్కన అల్మారాలో పెట్టాలని.

పొద్దు పడిపోయింది, కొండ మీద నెలవంక లేదు, ఉండదు, రంజాన్ నెల ఆఖరుకొచ్చినా బీబమ్మకు రేపూ రోజానే, కువైట్‌లో ఇవాళ చూసి ఉంటారా, చూసి ఉంటే షావలి, ఎక్కడున్నాడో, ఎవరి పక్కన నిలబడి, తెలుసుకోవాలని ఎంత ఆత్రంగా ఉందో, నొక్కకపోతే గడియారం ఒప్పవుతుంది, అప్పుడు షావలి ఎక్కడుంటాడు, ఆరేళ్ళుగా ఆయన బతికి ఉన్నది ఈ ఒక్కరోజు తేడాలోనే గదా, దీన్ని సరిచేస్తే ఆయన్ను చంపినవాణ్ణి నేనే అవుతాను, ఇంకో గుంత రాకముందే పిన్ను గుచ్చాను, టిక్కుమంది, నీలం మీద సన్నటి బంగారు గీత లేచింది, రేపు షావలికి పండగ.