పది కిలోల చిమ్మిలి

ఏడో పోటుకి బెల్లం లొంగింది. పాపాయి రోకలిని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుని, కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ ఎత్తింది. రోకలి ఆమెకంటే అరడుగు పొడుగు. అందుకని రోలు పక్కన పీట వేసుకుని దానిమీద నిలబడి దంచుతుంది. పీటెక్కితే అయిదడుగుల మనిషి, దిగితే నాలుగడుగుల ఆరంగుళాలు.

"నేను పొట్టిదాన్ని కాదండి, పీట దిగినదాన్ని" అంటుంది అడిగినవాళ్ళతో.

తణుకులో బంగార్రాజు పిండివంటల కొట్టు వెనక వసారాలో ఇరవై ఏళ్ళుగా ఇదే చోటు, ఇదే పోటు. కొట్లో మిక్సీలున్నాయి, గ్రైండర్లున్నాయి. కానీ చిమ్మిలిని మిషన్లో వేస్తే నువ్వులు నూనె కక్కేసి ముద్దయిపోతాయి. దంచాల్సిందే. ఆడపిల్ల పెద్దమనిషైన ఇంట మొదటి తీపి నువ్వులూ బెల్లమూ కలిసిన ఆ ముద్దే. చుట్టుపక్కల ఊళ్ళలో సగంమంది ఆడపిల్లలకి అది పాపాయి చేతి నుంచే వెళ్ళింది. నువ్వులు దంచుతూ నవ్వులు పంచుతుందని ఆమెకి పేరు.

నలభై మూడేళ్ళ మనిషికి పాపాయి అనే పేరేమిటని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. పెట్టినవాళ్ళు దూరదృష్టి కలవాళ్ళు, అంతే. మెడ రెండు పక్కలా కాస్త వెడల్పు. వెనక జుట్టు వీపు మొదలుదాకా దిగి ఉంటుంది. మోచేతులు కొంచెం బయటికి తిరిగి ఉంటాయి. నవ్వితే మాత్రం ఇవేవీ కనపడవు, పళ్ళే కనపడతాయి. మొన్న ఉచిత బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే కొత్త కండక్టరు, "మీ అమ్మది కాదు పాపా, నీది చూపించు" అన్నాడు.

"మా అమ్మ పోయి పదేళ్ళయింది బాబూ. ఆవిడ బస్సు ఎప్పుడో ఫ్రీ అయిపోయింది" అంది పాపాయి. తేతలి దాకా బస్సంతా నవ్వుతూనే ఉంది.

బంగార్రాజు ఫోను చూసుకుంటూ వసారాలోకి వచ్చాడు. "పాపాయిగారూ, రేపటి ఫంక్షన్‌కి పది కిలోలండి. శ్యామలాంబగారి మనవరాలు. పదకొండింటికి ఆవిడే వస్తారంట రుచి చూడ్డానికి."

"పిల్ల ఎప్పుడైందండి?"

"పన్నెండు రోజులైందంట."

"ఆర్డరెప్పుడిచ్చారు?"

"నెల క్రితమే ఇచ్చారండి, హాలు దొరగ్గానే. మంచి ప్లానింగు వాళ్ళది."

రోకలి గాల్లోనే ఆగింది. ఈ పనిలో కబురు ఎప్పుడూ పరిగెత్తుకుంటూ వస్తుంది. పిల్లని చాపమీద కూర్చోబెట్టిన గంటకే ఎవరో బండి స్టాండు కూడా వెయ్యకుండా దిగి, "అరకిలో చిమ్మిలి, అర్జంటండి" అంటారు. పది కిలోల మాట ఆ తరవాతే. శ్యామలాంబ ఇంటి నుంచి ఆ అరకిలో కోసం ఎవరూ రాలేదు. హాలు ఖాళీ చూసుకుని పెద్దమనిషైన పిల్లని పాపాయి తన సర్వీసులో చూడలేదు. సర్వీసుకి ముందు మాత్రం ఒకర్ని చూసింది, అద్దంలో.

ఆమెకి పదిహేడేళ్ళు నిండినా ఏమీ కాలేదు. ఊరు నోరు ఊరుకోదు కదా. తల్లి ఓ మంచిరోజు చూసి, అయిందని చెప్పి, పందిరి వేయించింది. ఒంట్లో జరగాల్సిన ఫంక్షన్ జరగలేదు, వీధిలో జరగాల్సింది ఘనంగా జరిగింది. ఊరి నోరు మూతపడింది, కూతుర్ని డాక్టరుకి చూపించే దారి కూడా దాంతోనే మూతపడింది. అయిందని వెయ్యిమందికి బూందీ పెట్టి, కాలేదని డాక్టరు దగ్గర ఎలా చెబుతుంది? డాక్టరు దగ్గర కాంపౌండరు ఉంటాడు, కాంపౌండరుకి పెళ్ళాం ఉంటుంది.

ఇరవై నాలుగో ఏట చెవిపోటుకని రాజమండ్రి వెళితే, ఆ చెవి డాక్టరు చెవి కంటే మెడే ఎక్కువసేపు చూసి హార్మోన్ల డాక్టరుకి చీటీ రాశాడు. రక్తపరీక్షలో తేలింది. మనిషికి నలభై ఆరు క్రోమోజోములుంటాయి. పాపాయికి నలభై అయిదు, రెండు ఎక్స్‌లుండాల్సిన చోట ఒక్కటే. టర్నర్ సిండ్రోమ్ అంటారు, ఎవరి తప్పూ కాదు, శాపమూ కాదు అన్నారు డాక్టరమ్మ. ఆ రోజు మొదలుపెట్టిన మాత్ర పొద్దున్నే కాఫీతో ఇప్పటికీ నడుస్తోంది. తరవాత పోతురాజు అనే మాజీ సైనికుణ్ణి, పిల్లలు పుట్టరని ముందే చెప్పి, పెళ్ళాడింది. "ఆయన ఎక్స్-మిలటరీ. నా దగ్గర తగ్గిన ఎక్స్ ఆయన దగ్గరుంది. లెక్క సరిపోయింది" అంటుంది.

పదకొండింటికి కారు దిగారు ముగ్గురు. ముందు శ్యామలాంబ, అంచు జరీ ఎండలో మెరుస్తూ. వెనక కోడలు లావణ్య. ఆమె చెయ్యి పట్టుకుని పదో తరగతి హారతి. పాపాయి పిల్ల మొహం చూడకముందు మెడ చూసింది. తరవాత మోచేతులు చూసింది. తన పాత ఫొటో నడిచి వచ్చినట్టుంది.

శ్యామలాంబ చిటికెడు నోట్లో వేసుకుంది. "బెల్లం కాస్త ముందుంది పాపాయీ. నువ్వులు వెనకబడ్డాయి."

"వెనకబడితే లాగొచ్చండి. ముందే అయిపోయిందంటేనే కష్టం."

"ఏంటే నువ్వనేది?"

పాపాయి పీట దిగింది. "అమ్మగారూ, ఈ పది కిలోలు నేను దంచనండి."

శ్యామలాంబ నవ్వబోయి మానేసింది. "నువ్వు దంచకపోతే ఇంకోళ్ళు దంచుతారు. తణుకులో రోకళ్ళకి కరువా?"

"లేదండి. కానీ మీ అరకిలో నా దగ్గరికి రాలేదు, ఇంకెవరి దగ్గరికీ వెళ్ళలేదు. ఇందాకే అన్ని కొట్లకీ ఫోన్ చేసి అడిగాను."

లావణ్య తల దించుకుంది.

"నేను హాస్పిటల్‌కి తీసుకెళ్దామనే అన్నానండి," అంది లావణ్య చిన్నగా. "మా వంశంలో అందరూ లేటే అన్నారు అత్తయ్యగారు."

"అందరూ అంటున్నారే, పదిహేనొచ్చినా ఇంకా ఏంటని!" అంది శ్యామలాంబ. "రేపు దీనికి సంబంధాలు రావద్దా? ఏదో ఒక ముచ్చట చేసేస్తే తరవాత అదే అవుతుంది."

"మా అమ్మా అదే అందండి. అదే కాలేదు." పాపాయి పీటమీద కూర్చుంది. "ఫంక్షన్ ఒక్కరోజే. దాని తరవాత నెలనెలా ఉంది కదండీ. అయినట్టు నమ్మించాలిగా? ఏడేళ్ళు, నెలకి మూడు రోజులు, పెరట్లో విడిగా కూర్చునేదాన్ని. విడి కంచం, విడి గ్లాసు. ఏమీ లేకుండానే. గవర్నమెంటు ఉద్యోగికి కూడా అన్ని సెలవులుండవండి. ఆ ఏడేళ్ళూ మాత్ర లేక ఎముకలు గుల్లబారాయి. నిరుడు వాకిట్లో కాలు జారితే మణికట్టు విరిగింది. చూడండి, అందుకే చెయ్యి మార్చుకుని దంచుతాను."

హారతి అప్పుడు నోరు విప్పింది. "నేనూ అలా కూర్చోవాలా నాన్నమ్మా? ప్రతినెలా?"

శ్యామలాంబ ఇన్నాళ్ళూ హాలు, వంటవాళ్ళు, ఫ్లెక్సీ, మేళం అన్నీ ఆలోచించింది. వచ్చే నెల గురించి మాత్రం ఆమె ఆలోచించలేదు. మనవరాలి వంక చూసింది, పాపాయి మణికట్టు వంక చూసింది. కళ్ళజోడు తీసి అక్కర్లేకపోయినా తుడిచింది.

"ఆంటీ, నాకూ మీలాంటిదేనా?" అడిగింది హారతి.

"నేను చిమ్మిలి డాక్టర్నమ్మా. అదో కాదో రాజమండ్రిలో మా డాక్టరమ్మ రక్తం చూసి చెబుతారు."

"పొడుగవుతానా?"

"ఎముకలు ఇంకా మూసుకోకపోతే ఇంజెక్షన్లతో కాస్త అవుతావేమో. లేకపోతే పీట ఎక్కడం నేను నేర్పిస్తా. గుండె, కిడ్నీలు కూడా ఓసారి చూస్తారు. భయపడకు, ఫొటోలు తీసినట్టే. చదువుకి ఏం అడ్డంలేదు. మంచి మార్కులే కదా?"

"లెక్కల్లో తక్కువండి."

"నాకూ అంతే. పది కిలోలంటే ఎన్ని ఉండలో బంగార్రాజుగారే చెప్పాలి."

హారతి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి లావణ్య ఏడ్చేసింది. మధ్యలో శ్యామలాంబ గట్టిగా, "మూడొందలమందికి ఏం చెప్పనే ఇప్పుడు?" అంది.

"ముహూర్తం బాలేదని చెప్పండి."

"చెప్తాలే. ఒక అబద్ధం ఆడినదాన్ని, దాన్ని దింపడానికి ఇంకోటి ఆడలేనా?" కళ్ళజోడు పెట్టుకుంది. "ఆ డాక్టరమ్మ ఇవాళ శనివారం ఉంటుందా?"

పాపాయి ఫోన్ చేసింది. ఉంటారు, నాలుగింటిదాకా. హాలువాళ్ళతో మాట్లాడి రమ్మని డ్రైవరుకి చెప్పి శ్యామలాంబ కారు పంపేసింది. బస్టాండుకి ఆటో పిలిపించి, తనే ముందెక్కి మధ్యలో కూర్చుంది. "నేను లేకపోతే మీరు డాక్టరుకి సరిగ్గా చెప్పలేరు. మన వంశం సంగతి నాకే తెలుసు."

హారతి ఆటో ఎక్కబోతూ గుమ్మం దగ్గరికి తిరిగొచ్చింది. "ఆంటీ, మీ చెప్పులిస్తారా? ఇవి నాన్నమ్మ కొంది, స్టేజీ మీద పొడుగ్గా కనపడాలని. పొద్దున్నుంచీ వేసుకు తిరిగి అలవాటు చేసుకోమంది. రెండుసార్లు పడ్డాను."

పాపాయి తన నీలం హవాయి చెప్పులు విడిచి ముందుకి జరిపింది. సరిగ్గా సరిపోయాయి. హారతి రెండడుగులు వేసి చూసుకుని, పరిగెత్తుకెళ్ళి ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగింది.

"ఇప్పుడీ నువ్వులేం చెయ్యనండి?" అన్నాడు బంగార్రాజు లోపలి నుంచి.

"అమ్మండి. నువ్వులకి ఫంక్షనేంటండి," అంటూ పాపాయి ఉత్తకాళ్ళతో వసారాలోకి నడిచింది. రోకటిపోటు మళ్ళీ మొదలైంది.

గడప పక్కన బంగారురంగు చెప్పులజత ఉంది. మడమలు అయిదంగుళాల ఎత్తు, అడుగున అంటించిన సైజు కాగితం ఇంకా ఊడలేదు, ఒకటి నిలబడి ఉంది, రెండోది పక్కకి ఒరిగి ఉంది.