గోడకు అతుక్కున్న ప్రాణం

నేను ఒక స్టిక్కర్ హుక్కుని, అంటే మేకు అక్కర్లేకుండా గోడకు అతుక్కునే ప్లాస్టిక్ కొక్కేన్ని. ముందుగా మా అన్నయ్య మీద ఒక ఫిర్యాదు. అన్నయ్యంటే ఇనుప మేకు. నెత్తిన కొడితే తప్ప పనిలోకి దిగడు, వెళ్తూ వెళ్తూ గోడకు కన్నం పెట్టి మరీ వెళ్తాడు. ఆయనగారి నిర్వాకాలకు అనుమానపు చూపులు నాకు.

ఫ్యాక్టరీలో నా వీపున జిగురు పూసి, అట్టకు అతికించి, తెనాలిలో ఒక ఫ్యాన్సీ షాపుకు పంపారు. అక్కడ నన్ను కొన్న హైమవతి అట్ట వెనక రాసింది రెండుసార్లు చదివింది: కిలోకు మించి బరువు వద్దు, అతికించాక ఒక రోజంతా ఆగాలి. ఆమె భయం ఆమెది. వాళ్ళు అద్దెకున్న మేడమీది వాటాకు ఒకటే షరతు: గోడలో మేకు దిగిందా, మెట్లమీంచి సామాను దిగాలి. ఇంటావిడ భ్రమరాంబ మామూలు మనిషి కాదు. మేకు కన్నాన్ని తెల్ల టూత్‌పేస్టుతో పూడ్చిన పాత అద్దెవాళ్ళను వాసన చూసి పట్టుకుని ఖాళీ చేయించింది. హైమవతి కూతురికి పదో తరగతి పరీక్షలు ఇంకో మూడు వారాల్లో. ఇప్పుడు ఇల్లు మారడమంటే ఆ పిల్ల చదువు అట్టపెట్టెల్లోకి వెళ్ళడమే.

నన్ను అతికించిన పది నిమిషాలకే ఆమె భర్త సాంబమూర్తి, వాళ్ళక్క ఇచ్చిన టేకు గడియారం ఎత్తుకొచ్చాడు.

“ఆగండి, రేపటిదాకా ఏమీ తగిలించొద్దని రాశారు.”

“నీ పిచ్చిగానీ, జిగురుకేం తెలుసే రోజులూ వారాలూ!”

తగిలించేశాడు. రెండు కిలోలకు తక్కువుండదు. ఆ క్షణం నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. కళ్ళూ లేవనుకోండి, అది వేరే సంగతి. టిక్కు టిక్కుకీ వెంట్రుకవాసి జారుతున్నాను. హైమవతి గడియారం అడుగున సన్నగా పెన్సిల్ గీత గీసుకుని, రోజూ పొద్దున్నే దాన్ని చూసి గుండెమీద చెయ్యి వేసుకునేది. నాలుగో రోజుకు గీత గడియారం చాటుకు వెళ్ళిపోయింది. దించేద్దామంటే సాంబమూర్తి ఒప్పుకోడు. ఆదివారం అక్క వస్తోందట.

అక్కకన్నా ముందు, శుక్రవారం, కరివేపాకు నెపంతో భ్రమరాంబ వచ్చింది. చూపు నేరుగా గడియారం మీదికి.

“ఏమ్మా హైమా, ఇంత బరువు గాల్లో నిలబడిందా?”

“మేకు కాదు పిన్నిగారూ, అతికించేదే. ఒట్టు!”

“ఒట్లెందుకూ, చూస్తే పోలా?”

గడియారం దించి, పక్కనే ఉన్న సాంబమూర్తి చేతిలో పెట్టింది. నా మెడ పట్టుకుంది. “లాగకండి!” అని హైమవతి అరిచేలోపే లాగేసింది. అంత జారినా నా జిగురు గోడను వదల్లేదు. అరచెయ్యంత పెచ్చు నాతోపాటే ఊడి వచ్చింది.

మూల కూర్చుని చదువుకుంటున్న పిల్ల పుస్తకం మూసేసింది. హైమవతి చూపు అటకమీది ఖాళీ అట్టపెట్టెల మీదికి పోయింది.

భ్రమరాంబ గోడను వేలితో తడిమింది. మేకు లేదు, కన్నమూ లేదు. నన్ను తిప్పి, నా వీపుకు అంటుకున్న తన గోడ ముక్కను చాలాసేపు చూసింది.

“టూత్‌పేస్టు ఉందా అమ్మాయ్? తెల్లదే,” అని పిల్లనడిగింది చివరికి.

నన్ను ఎడమ గుప్పిట్లోనే ఉంచుకుని, కుడిచేతి వేలితో పేస్టు పూస్తూ, ఎవరివైపూ తిరక్కుండా, అందరికీ వినపడేలా అంది:

“పీకింది నేను. తప్పు నాదే.”